కళ్ళు మూసుకున్నవారి విభాగం

నాకు చాలా ఏళ్ళుగా ఒక సందేహం ఉంది. గుడికి వెళ్తాం. వరసలో నిలబడతాం. ముందున్నవాడి భుజం మీదుగా, పక్కావిడ కొప్పు సందులోంచి మెడ సాచి అమ్మవారు కనబడుతుందేమోనని చూస్తాం. ఎవరైనా అడ్డొస్తే "కాస్త తప్పుకోండి బాబూ" అని విసుక్కుంటాం. తీరా మన వంతు వచ్చి, తెర తీసి, గంట మోగి, పంతులుగారు హారతి ఎత్తగానే రెండు చేతులూ జోడించి కళ్ళు గట్టిగా మూసుకుంటాం. తెరిచేసరికి తెర పడిపోయి ఉంటుంది. మరి ఇంతసేపూ నిలబడింది చూడ్డానికా, చూడకుండా ఉండడానికా?

తెలిసినవాళ్ళని అడిగాను. "దేవుణ్ణి లోపల చూసుకోవాలి నాయనా" అన్నారు ఒకాయన. లోపల చూసుకునేదానికి ఇంట్లోనే కూర్చోవచ్చు కదా, బయట చెప్పులు పోగొట్టుకోవడం ఎందుకని అడగబోయి ఊరుకున్నాను. భక్తి విషయాల్లో రెండో ప్రశ్న అడగకూడదని మా నాన్న నేర్పాడు.

ఈ సందేహం వల్ల మా అమ్మకి నేనొక బాకీ పడ్డాను. మా ఊరి అమ్మవారు చిలకలమ్మ తల్లి. ఆవిడ దగ్గర ఒక చిలక ఉంటుంది. అది ఏ చేతిలో ఉంటుందన్నది మా ఇంట్లో పాత తగాదా. కుడిచేతిలో అని అమ్మ, ఎడమచేతిలో అని నాన్న. ఇద్దరూ ప్రతి శుక్రవారం పక్కపక్కన నిలబడి దర్శనం చేసుకున్నవాళ్ళే. కిరాణా కొట్టువాళ్ళ క్యాలెండరులో కుడిచేతిలో ఉండేది. బట్టల కొట్టువాళ్ళ క్యాలెండరులో ఎడమచేతిలో ఉండేది. పంతులుగారిని అడిగితే, "చిలక ఎప్పుడూ పువ్వుల కిందే ఉంటుంది. హారతి వేళ మాత్రం పువ్వులు తప్పిస్తాం. చూపించడం నా వంతు, చూసుకోవడం మీ వంతు" అన్నారు.

తగాదా తేలకుండానే నాన్న వెళ్ళిపోయాడు. తరవాత నీటికాసులు వచ్చి అమ్మ చూపు పోయింది. అప్పటినుంచి నేను గుడికి వెళ్ళొచ్చినప్పుడల్లా గుమ్మంలోనే అడుగుతుంది.

"ఏట్రా పైడీ, సిలక ఏ సేతిలో ఉన్నాది?"

"మర్చిపోయానమ్మా. ఈసారి చూసి చెప్తాను."

"మర్సిపోనావా, కళ్ళు మూసుకున్నావా?"

వచ్చే శుక్రవారం తప్పకుండా చూడాలనుకునేవాణ్ణి. వచ్చే శుక్రవారం గంట మోగేది, రెప్పలు వాటంతట అవే పడిపోయేవి.

ఇలా ఉండగా మా ఊరికి శ్రద్ధా పరిశోధన సంస్థ వచ్చింది.

పిల్లలు, పెద్దలు దేన్ని ఎలా చూస్తారు, దేనిమీద మనసు పెడతారు, ఎలా నేర్చుకుంటారు అన్నది ఆ సంస్థ కనిపెట్టాలట. అందుకు మా అమ్మాయి హంసిని ఐదో తరగతి చదువుతున్న మునిసిపల్ బడిని ఎంచుకున్నారు. ప్రతి పిల్ల ముందూ బల్లమీద గుండ్రటి అద్దం ఉన్న చిన్న యంత్రం ఒకటి బిగించారు. పిల్ల కన్ను నల్లబల్ల మీద ఉంటే యంత్రం మీద ఆకుపచ్చ దీపం, పక్కకి పోతే ఎర్ర దీపం. నెలాఖరుకి ఎవరి శ్రద్ధ ఎంత శాతమో అదే లెక్క కట్టి చెప్తుంది. సంస్థవారు దానికి దృష్టిమాపకం అని పేరు పెట్టారు. పిల్లలు గుడ్లగూబ అని పెట్టారు.

ప్రారంభోత్సవానికి తల్లిదండ్రులందర్నీ పిలిచి, మా ముందూ ఒక్కొక్క గుడ్లగూబని పెట్టి, సంస్థ డైరెక్టరు డాక్టర్ ప్రభంజన్ గారు ఉపన్యాసం ఇచ్చారు.

"దృష్టి యొక్క స్థిరీకరణయే అభ్యసనమునకు ప్రథమ సోపానము. కావున దృష్టిని కొలిచినచో శ్రద్ధను కొలిచినట్లే. శ్రద్ధను కొలిచినచో విద్యను కొలిచినట్లే."

నేను పరుపులు కుట్టి అమ్ముకునేవాణ్ణి. పరుపు పొడుగు కొలిస్తే నిద్ర కొలిచినట్టేనని ఇన్నాళ్ళూ నాకు తెలియక, ఎంతోమందికి కొలతలు ఇచ్చి నిద్ర ఇవ్వకుండా పంపేశాను.

ఉపన్యాసం అయ్యాక మా ఆవిడ నూకరత్నానికి అందరికంటే తక్కువ శాతం వచ్చింది. తెర మీద ఆయన వేసిన బొమ్మల్ని చూడకుండా ఆమె కళ్ళు పక్కకి పోయాయని యంత్రం చెప్పింది.

"ఎక్కడికి పోయాయమ్మా?" అని డైరెక్టరు గారు దయగా అడిగారు.

"మీ చొక్కా మీదికండి" అంది నూకరత్నం. "ఒక కంత తప్పించి గుండీలు పెట్టుకున్నారు."

ఆయన కిందికి చూసుకున్నారు. తరవాత కాగితం మీద 'అప్రస్తుత వస్తువులపై ఆకర్షణ' అని రాసుకున్నారు. అంత శ్రద్ధగా విన్న మా అందరిలో ఆ గుండీ సంగతి ఇంకెవరికీ తెలియలేదు.

పరిశోధన మొదలైంది. మొదటి నెల ఫలితాలు బాగా రాలేదు. పిల్లలు నల్లబల్ల చూసి, వంగి పుస్తకంలో రాసుకుంటున్నారు. వంగినప్పుడల్లా ఎర్ర దీపం. అందుకని రాసుకోవడం మానిపించారు. తరవాత చూస్తే, మాస్టారు అటూ ఇటూ తిరిగితే పిల్లల కళ్ళు ఆయన వెంట పోతున్నాయి. నేల మీద సుద్దతో చిన్న గుండ్రం గీసి ఆయన్ని అందులో నిలబెట్టారు. అయినా నోరు కదిలినప్పుడు నోటికేసి చూస్తున్నారు. మాస్టారిని పిల్లల వెనక కూర్చోబెట్టారు. అయినా శాతం ఇంకా కొంత తక్కువే వచ్చింది. ఏమిటా అని పరిశీలిస్తే, నల్లబల్ల మీద అక్షరాలు ఉండడం వల్ల కళ్ళు ఎడమనుంచి కుడికి పరుగెత్తుతున్నాయట. అక్షరాలు తుడిపించేశారు. నల్లబల్ల మధ్యలో తెల్లటి చుక్క ఒకటి పెట్టారు.

ఆ నెల బడికి తొంభై ఎనిమిది శాతం వచ్చింది. డైరెక్టరు గారికి రాజధానిలో శాలువా కప్పారు.

హెడ్మాస్టరు త్రినాథరావు గారు సాధువు. ఉద్యోగంలో ఎన్ని సర్క్యులర్లు చూశారో, ప్రతి కొత్త సర్క్యులరునీ చుట్టం వచ్చినట్టు ఆదరించి, వెళ్ళేవరకూ ఓపిక పడతారు. ఆయన్ని అడిగాను.

"చుక్క చూస్తే పిల్లలు ఏం నేర్చుకుంటారండీ?"

"నేర్చుకోవడం రెండో దశ పైడిరాజు గారూ. ఇది మొదటి దశ. ముందు చూడాలి."

"రెండో దశ ఎప్పుడండీ?"

"డబ్బు మంజూరైతే."

ఇంతవరకూ నాకేమీ నష్టం లేదు. అందరి పిల్లలతో పాటు మా పిల్లా చుక్క చూస్తుందనుకున్నాను. కానీ హంసిని చూడడం లేదు. దానికి చిన్నప్పటినుంచీ ఒక అలవాటు. ఏదైనా వినేటప్పుడు కళ్ళు మూసుకుంటుంది. నాయనమ్మ కథ చెప్పినా అంతే, మాస్టారు పాఠం చెప్పినా అంతే. మూసుకుని విన్నది అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతుంది. తెరిచి విన్నది ఒక్కటీ ఉండదు. మాస్టారు వెనక కూర్చుని పాఠం చెబుతుంటే అందరూ చుక్క చూస్తున్నారు, ఇదొక్కతే కళ్ళు మూసుకుని వింటోంది.

దాని శ్రద్ధ సున్నా అని కాగితం వచ్చింది. దాన్నీ, శాతం తక్కువ వచ్చిన మరికొందర్నీ వరండాలోకి పంపారు. వంటగది పక్కన, మధ్యాహ్న భోజనం గిన్నెలు బోర్లించేచోట, 'శ్రద్ధారహిత విభాగం' అని బోర్డు పెట్టారు. అక్కడ యంత్రాలు లేవు కాబట్టి త్రినాథరావు గారు వీలైనప్పుడు వచ్చి పాత పద్ధతిలో లెక్కలూ తెలుగూ చెప్పేవారు. ఆ వరండా పిల్లలకి కొంచెం చదువు కూడా వస్తోందని ఊళ్ళో తెలిసి, ఇద్దరు ముగ్గురు తండ్రులు తమ పిల్లలకి అక్కడ చోటు ఇప్పించమని కౌన్సిలరు గారి సిఫారసు పట్టుకొచ్చారు. అయితే చిక్కు ఒక్కటే. వరండాలో ఉన్నవాళ్ళ పేర్లు హైస్కూలుకి పంపరు. లోపల చుక్క చూసినవాళ్ళు ఆరో తరగతికి వెళ్తారు. బయట చదువుకున్నవాళ్ళు ఐదులోనే ఉండిపోతారు.

హంసిని ఏడవలేదు. "నాన్నా, నేను మళ్ళీ ఐదే చదవాలా? ఐదు నాకు వచ్చేసింది కదా" అని మాత్రం అడిగింది. రాత్రి నూకరత్నం దాన్ని కూర్చోబెట్టి, ఒక పాట పాడుతూ, కళ్ళు తెరిచి వినడం నేర్పబోయింది. పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని, నీళ్ళు కారుతున్నా రెప్ప వెయ్యకుండా కూర్చుంది. పాట అయ్యాక ఒక్క ముక్క చెప్పలేకపోయింది.

"దాన్ని ఒగ్గెయ్యండే" అంది మా అమ్మ మంచం మీదనుంచి. "నాకు కళ్ళు పోయినాక బాగా ఇనబడతన్నాది. అదీ అంతే."

నేను డైరెక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మర్యాదగా కూర్చోమన్నారు. గుండీలు సరిగ్గా ఉన్నాయి.

"మా అమ్మాయి వింటుందండీ. మీరు ఏది అడిగినా చెబుతుంది. ఒకసారి అడిగి చూడండి."

"అడుగుట శాస్త్రీయము కాదు. పిల్లలు తెలిసినది చెప్పెదరు. దాని వలన వారికి తెలుసునని తేలునే గాని, శ్రద్ధ ఉన్నదని తేలదు."

"చెవులతో శ్రద్ధ పెట్టకూడదాండీ?"

"చెవి కదలదు కదా. కదలని దానిని మేమెట్లు కొలిచెదము?"

నేను లేవబోయాను. ఆయనకి జాలి కలిగినట్టుంది. ఫైలు తిరగేసి ఒక దారి చెప్పారు. అశ్రద్ధ రెండు రకాలట. వంశపారంపర్యంగా వచ్చింది ఒకటి, దానికి మందు లేదు. మధ్యలో పట్టుకున్నది ఒకటి, దాన్ని పునఃపరిశీలనకి పంపవచ్చు. తండ్రికి నిండు శ్రద్ధ ఉన్నట్టు రుజువైతే పిల్లది రెండో రకం కింద వేసి, పేరు హైస్కూలుకి పంపుతారు.

"వచ్చే శుక్రవారం రాజధాని నుండి ఉన్నత స్థాయి కమిటీ వచ్చుచున్నది. వయోజనుల శ్రద్ధపై ప్రదర్శన ఏర్పాటు చేసితిమి. మీరును పాల్గొనుడు."

"ఎక్కడండీ?"

"మనుష్యులు మిక్కిలి శ్రద్ధగా ఒకే వస్తువును చూచు స్థలమేదని వెదకితిమి. చిలకలమ్మ గుడి. హారతి వేళ."



ఆ వారం నేను పడ్డ అవస్థ అమ్మవారికే తెలియాలి. ఇంట్లో దేవుడి గూడు ముందు నిలబడేవాణ్ణి. నూకరత్నం గంట కొట్టేది. రెప్పలు పడిపోయేవి. "మళ్ళీ" అనేది ఆమె. మళ్ళీ కొట్టేది. మళ్ళీ పడిపోయేవి. ఆకలి వేసినప్పుడు నోరు తెరుచుకున్నంత సహజంగా గంట వింటే నా కళ్ళు మూసుకుంటాయి. హంసిని నా ముఖంలోకి చూస్తూ, "నాన్నా, నాలాగే ఉన్నావు" అని నవ్వింది. వంశపారంపర్యం అంటే ఇదే కాబోలనుకున్నాను.

శుక్రవారం వచ్చింది. వరసలో పట్టుకునే ఇనప కమ్మీ పొడుగునా ఒక్కొక్కరి ముఖానికి ఎదురుగా ఒక్కొక్క గుడ్లగూబని బిగించారు. ఆలయంవారు ఒప్పుకున్నారు, సంస్థవారు మండపంలో నాలుగు ఫ్యాన్లు వేయించారు కాబట్టి. మొదటి వరసలో కమిటీ. మధ్యలో అధ్యక్షులు, ఇద్దరు సభ్యులు, వాళ్ళ పక్కన ప్రభంజన్ గారు. వాళ్ళ తరవాత నేను, నూకరత్నం. వెనక ఊరంతా. తెర మీదే అందరి కళ్ళూ ఉన్నాయి. అన్ని దీపాలూ ఆకుపచ్చగా వెలుగుతున్నాయి.

"చూడుడు, నూటికి నూరు" అన్నారు ప్రభంజన్ గారు మెల్లగా.

అధ్యక్షులు తల పంకించారు.

తెర తీశారు. గంట మోగింది. పంతులుగారు హారతి ఎత్తారు.

నేను రెండు చేతులూ జోడించలేదు. జోడిస్తే కళ్ళు పోతాయని కమ్మీని పట్టుకున్నాను. రెప్పలు వణికాయి. ఐదో తరగతి, ఐదో తరగతి అనుకున్నాను. కళ్ళు మండి నీళ్ళు వచ్చాయి గాని మూతపడలేదు.

పంతులుగారు ఎడంచేత్తో పువ్వులు తప్పించారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చిలకలమ్మ తల్లిని చూశాను. నేను అనుకున్నంత పెద్దది కాదు. ముక్కుపుడక కొంచెం వంకరగా ఉంది. చిలకని చూశాను. చూసినదాన్ని నమ్మలేక, హారతి రెండోసారి తిరిగినప్పుడు మళ్ళీ చూశాను.

తరవాత, పంతులుగారు హారతి దించాక, కళ్ళు ఎలాగూ తెరిచే ఉన్నాయి కదా అని పక్కకి చూశాను. కమ్మీ పొడుగునా, ఈ కొసనుంచి ఆ కొసదాకా, ఎర్ర దీపాలు. దీపాల వెనక మూసిన కళ్ళు. అధ్యక్షుల వారు చెంపలు వేసుకుంటున్నారు. ఒక సభ్యుడు నోరు తెరిచి కళ్ళు మూశాడు. ప్రభంజన్ గారి కళ్ళు అందరికంటే గట్టిగా మూసుకుని ఉన్నాయి. పెదవులు కదులుతున్నాయి. 'రెండో దశ, రెండో దశ' అంటున్నట్టు నాకు స్పష్టంగా కనబడింది.

తెర పడింది. అందరూ కళ్ళు తెరిచారు. దీపాలన్నీ మళ్ళీ ఆకుపచ్చ అయ్యాయి. అక్కడ ఏదీ జరగనట్టే ఉంది. యంత్రం మాత్రం మర్చిపోలేదు.

కల్యాణ మండపంలో ఫలితాలు చదివారు. హారతి ఎత్తింది మొదలు దించేదాకానే లెక్క. కమిటీ అధ్యక్షులు, సున్నా. సభ్యులు, సున్నా. డైరెక్టరు గారు, సున్నా. భక్తులు, సున్నా. బి. పైడిరాజు, పరుపుల వ్యాపారం, నూరు.

మండపంలో ఫ్యాన్ల చప్పుడు వినబడింది.

"ప్రభంజన్ గారూ" అన్నారు అధ్యక్షులు, "మీ నిబంధనల ప్రకారం సున్నా వచ్చినవారిని ఎక్కడ కూర్చోబెడతారు?"

"వరండాలోనండి" అన్నారు త్రినాథరావు గారు వినయంగా. ఆయన్ని ఎవరూ అడగలేదు.

అధ్యక్షులు ఆయన వైపు చూడలేదు. "ముప్పై ఏళ్ళుగా నేను శ్రద్ధగానే పనిచేస్తున్నానని నా అభిప్రాయం. మీ యంత్రం అభిప్రాయం వేరుగా ఉన్నట్టుంది."

ప్రభంజన్ గారు లేచారు. ముఖం పాలిపోయింది. నీళ్ళు తాగారు. తాగుతుండగానే ఆయన ముఖంలోకి రంగు తిరిగి రావడం నేను చూశాను. పరిశోధకులు ఊరికే పరిశోధకులు అవరు.

"అయ్యా, ఇది పొరపాటు కాదు. నూతన ఆవిష్కరణ. ఇంతమంది విజ్ఞులు ఒకే క్షణమున ఒకే విధముగా కళ్ళు మూసిన, అది అశ్రద్ధ కానేరదు. శ్రద్ధ పరాకాష్ఠకు చేరినప్పుడు దృష్టి లోనికి మరలును. దీనిని అంతర్ముఖ శ్రద్ధ అందుము. యంత్రము సున్నా చూపుచున్నదనగా, కొలతకు అందనంత ఉన్నదని అర్థము."

"అలా చెప్పండి" అన్నారు అధ్యక్షులు. సభ్యులు కూడా తమకి మొదటినుంచీ అలాగే అనిపించిందన్నారు.

"మరి ఈయన?" అని నన్ను చూపించారు ఒకరు.

"పాపము, బహిర్ముఖ చంచలుడు" అన్నారు ప్రభంజన్ గారు. "ఊరంతయు తల్లిని ధ్యానించుచుండగా ఇతడొక్కడు అటునిటు చూచుచుండెను."

అది నిజమే. రుజువు కావాలన్నారు, రుజువు తెచ్చాను, ఆ రుజువే నా పిల్లని ఐదో తరగతిలో పాతేసింది అనుకున్నాను. ఇంటికి వెళ్ళి ఎవరితోనూ మాట్లాడకుండా పడుకున్నాను. ఆ రోజు అమ్మ కూడా చిలక సంగతి అడగలేదు. ఇంట్లో నిశ్శబ్దం ఎలాంటిదో ఆమెకి చూడకుండానే తెలుస్తుంది.

నాలుగు రోజులకి సర్క్యులరు వచ్చింది. త్రినాథరావు గారు స్వయంగా దుకాణానికి తెచ్చి, పరుపుల మీద కూర్చుని చదివారు.

"కనురెప్పలు మూసియున్న స్థితిని ఇకపై అంతర్ముఖ శ్రద్ధగా పరిగణించి, నూరు శాతముగా నమోదు చేయవలెను. ఈ ఉత్తర్వు పరిశోధన ఆరంభమైన నాటి నుండి వర్తించును." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఆరంభం నుంచి అన్నాడు చూశారా? అంటే మీ అమ్మాయి సున్నాలన్నీ నూర్లు. బడి మొత్తానికి మొదటి పేరు అదే. పొద్దున్నే హైస్కూలుకి పంపేశాను. వాళ్ళు చేర్చుకున్నట్టు సంతకం కూడా పెట్టించుకున్నాను."

నేను సూది కింద పెట్టేశాను. కాసేపు దారం కొస కూడా కనబడలేదు.

"మరి నేను బహిర్ముఖుణ్ణి కదండీ? అది వంశపారంపర్యం అంటే..."

"పైడిరాజు గారూ" అన్నారు ఆయన లేస్తూ, "సర్క్యులరుని రెండో ప్రశ్న అడక్కూడదు."

మా నాన్నా ఆయనా ఒకే బడిలో చదువుకున్నారేమో.

నాకు శ్రద్ధారహితుడినని ధ్రువపత్రం వచ్చింది. ఆదివారాలు వరండాలో కూర్చోమన్నారు. కూర్చుంటున్నాను, గాలి బాగా వస్తుంది. లోపల ఇప్పుడు చుక్క లేదు. దాన్ని తుడిచేశారు. పిల్లలంతా పొద్దుటినుంచి సాయంత్రం దాకా కళ్ళు మూసుకుని ఉంటారు. మధ్యాహ్నం భోజనం తరవాత శ్రద్ధ మరీ లోతుగా ఉంటుందని, గురక కూడా వినబడుతుందని పరిశీలనలో తేలింది. బల్లలు తీసేసి పల్చటి పరుపులు వెయ్యాలని సంస్థవారు నాకే ఆర్డరు ఇచ్చారు. వాటిని శ్రద్ధాసనాలు అంటారట. ఇన్నాళ్ళకి పొడుగుతో పాటు నిద్ర కూడా కొలిచి ఇస్తున్నాను.

సర్క్యులరు వచ్చిన వారంలోనే, శుక్రవారం గుడికి వెళ్ళి, అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుని తల్లికి దణ్ణం పెట్టుకుని వచ్చాను. అమ్మ గుమ్మం దగ్గర కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది.

"ఏట్రా పైడీ, సిలక ఏ సేతిలో ఉన్నాది?"

"చూశానమ్మా."

ఆమె చేతులు ఆగిపోయాయి. "నిజిమేనా?"

"నిజంగానే. కిందటి శుక్రవారం చూశాను. చూసినట్టు కాగితం కూడా ఇచ్చారు."

"అయితే కుడేనా?"

"కాదమ్మా."

"ఎడమా?" ఆ మాట చాలా మెల్లగా అంది. ఇన్నేళ్ళ తరవాత నాన్న చేతిలో ఓడిపోవడానికి సర్దుకుని కూర్చుంది.

"ఏ చేతిలోనూ లేదు. చేతులు రెండూ ఖాళీ. చిలక భుజం మీద ఉంది. చెవిలో ఏదో చెబుతున్నట్టు ముక్కు పెట్టుకుని ఉంది."

అమ్మ చేతిలో చింతపండు పక్కన పెట్టేసింది.

"ఎంత గట్టిగా సెప్పేవోడ్రా, ఎడమ సెయ్యని" అంది.

"నువ్వూ అంతే గట్టిగా కుడని చెప్పేదానివి."

"ఆయన సూసే సెప్తన్నాడనుకున్నాను. నానొక్కర్తినే కళ్ళు మూసుకున్నానని తెలిసిపోద్దని కుడన్నాను." ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని దగ్గరికి వెళ్ళాను. నవ్వుతోంది. "పక్కనే నిలబడి ఆ మనిసీ మూసుకున్నాడన్నమాట."

లోపలినుంచి హంసిని వచ్చి, ఏమిటని అడిగింది. నాయనమ్మ నవ్వు ఆగితేగా చెప్పడానికి.

అమ్మ మళ్ళీ చింతపండు అందుకుంది. ఒక గింజ తీసింది. ఆగింది.

"ఏ బుజం మీదరా?"

"ఎడమ భుజం."

"సరేలే" అంది. "ఆయనకి సగం మార్కు ఏసుకో."